తీసేసినవాళ్ళు

ఆ ఆటల కంపెనీకి కాగితం మీద చేత్తో రాసిన ఉత్తరం రావడం అదే మొదటిసారి. దాన్ని ఎవరికివ్వాలో ఎవరికీ తోచలేదు. గేటు దగ్గర రెండు రోజులు, రిసెప్షన్ సొరుగులో మూడు రోజులు పడి ఉండి, చివరికి సోమవారం పొద్దున ఫిర్యాదుల డెస్కు పెద్దాయన బల్ల మీదికి చేరింది. పెద్దాయన దాన్ని రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తర్వాత ఉత్తరాన్ని రెండు చేతులతో పట్టుకుని, వరసగా ఉన్న కంప్యూటర్లన్నీ దాటుకుంటూ, కిటికీ పక్క మూలన కూర్చున్న చంటి దగ్గరికి వచ్చాడు.

చంటి అసలు పేరు అది కాదు. ఇంట్లో ఆఖరిది కాబట్టి ముప్ఫయ్యో ఏట కూడా చంటే. యూనివర్సిటీలో నాలుగేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తోంది. వారంలో మూడు రోజులు ఈ కంపెనీలో కూర్చుని పనిచేయాలన్నది రెండు పక్షాల మధ్య ఒప్పందం. ఇక్కడివాళ్ళు ఆమెని ‘యూనివర్సిటీ’ అని పిలిచేవాళ్ళు, అక్కడివాళ్ళు ‘కంపెనీ’ అనేవాళ్ళు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషికి సొంత రేవు ఎక్కడుంటుందని బావ ఎగతాళి చేసేవాడు.

ఆమె చేసే పని ఒకటే. ఆన్‌లైన్ ఆటలో నిజంగా మనిషే ఆడుతున్నాడా, మనిషి చాటున ఏదైనా ప్రోగ్రామ్ ఆడుతోందా పట్టుకునే ఏఐని తయారు చేయడం. దానికి తనే ‘జల్లెడ’ అని పేరు పెట్టింది. కంపెనీవాళ్ళకి పెద్ద పేరున్న ఆట ఒకటుంది. నదిలో సరుకు పడవ నడిపే ఆట. ఆట రిమోటు మీద ఎడమ బొటనవేలితో పడవ తిప్పాలి, కుడిచేతి మీటలతో తెరచాప, లంగరు చూసుకోవాలి. మోసం చేసేవాళ్ళు ఎడమచేయి తామే ఆడి, కుడిచేతి పని ప్రోగ్రామ్‌కి అప్పగించేవాళ్ళు. చంటి కనిపెట్టినదేమిటంటే, మనిషి రెండు చేతులూ ఒకే కంగారుతో ఆడతాయి. ఎడమ వేలు తడబడితే కుడి వేలు కూడా వెంట్రుకవాసి తడబడుతుంది. ఆ జత కుదరకపోతే అది మనిషి కాదు. జల్లెడ ఆ జతనే చూస్తుంది. వందకి తొంభై తొమ్మిది పైచిలుకు సరిగ్గా చెబుతుంది. దాని మీద ఒక పేపరు అచ్చయింది, దానికి బహుమతి వచ్చింది, ఏడాదిగా కంపెనీ దాన్ని వాడుతోంది. ఈ శుక్రవారమే చంటి చివరి సెమినార్. అది గట్టెక్కితే థీసిస్ ఇచ్చేయడమే.

పెద్దాయన ఉత్తరం ఆమె ముందు పెట్టాడు.

“చదువమ్మాయ్. నాకంటే నీకే ఎక్కువ సంబంధం ఇది.”

గీతల పుస్తకంలోంచి చించిన కాగితం. అక్షరాలు గుండ్రంగా, ఒకదానికొకటి కుట్టినట్టు ఉన్నాయి.

‘అయ్యా, మీ ఆటలో సూదీదారం అనే పేరుతో మేము ఆడుతున్నాము. నా భర్త టైలరు. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఎడమ చేత్తో ఆయన పడవ తిప్పుతారు, కుడివైపు మీటలు నేను నొక్కుతాను. పోయిన నెల మా పేరు మోసగాళ్ళ జాబితాలో పెట్టి ఆట మూసేశారు. మూడుసార్లు కంప్యూటర్లో అర్జీ పెట్టాను. మూడుసార్లూ నిమిషం లోపలే కాదని జవాబు వచ్చింది. నిమిషంలో మా సంగతి ఎవరు చదివారో తెలుసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక రిమోటు ఇద్దరు పట్టుకోకూడదని ఎక్కడ రాసి ఉందో చూపిస్తే ఇంక రాయను.’

కింద ఒక ఫోన్ నంబరు, ఆటలో తమ ఖాతా నంబరు, చిరునామా.

“నిమిషంలో చదివింది ఎవరో నాకు తెలుసు,” అన్నాడు పెద్దాయన. “మీ జల్లెడే. అర్జీలు కూడా దానికే పోతున్నాయి ఇప్పుడు. నా దాకా రావట్లేదు.” ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఉత్తరం అక్కడే వదిలేసి, వచ్చిన దారినే తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

చంటి చాలాసేపు ఆ ఖాతా నంబరు వైపు చూస్తూ కూర్చుంది. ఆ నంబరు తను ఎక్కడో చూసినట్టే ఉంది. పాత ఫోల్డర్లు ఒకదాని తర్వాత ఒకటి తెరిచింది. ‘తీసేసినవి’ అని ఒక ఫైలు. రెండేళ్ళ కిందట పేపరు పంపడానికి రెండు రోజులే గడువు ఉన్నప్పుడు, జల్లెడకి నేర్పే పాఠాల్లోంచి ఏరి పారేసిన ఖాతాలు అందులో ఉన్నాయి. మొత్తం ముప్ఫై ఒకటి. అందరిలోనూ ఒకటే లక్షణం: ఎడమ వేలు కదిలిన పావు సెకనుకి కుడి వేలు కదులుతుంది, ఒకరి వెనక ఒకరు నడిచినట్టు. వాటిని ఉంచితే లెక్క తొంభై ఆరు దగ్గర ఆగిపోయింది. తీసేస్తే తొంభై తొమ్మిది దాటింది.

పందొమ్మిదో వరుసలో ఉత్తరంలోని నంబరే ఉంది. దాని పక్కన తను టైప్ చేసిన మాటలు: ‘వింత. తర్వాత చూడాలి.’

ఆ తర్వాత అన్నది రెండేళ్ళయినా రాలేదు.

*

మంగళవారం పొద్దున యూనివర్సిటీలో తన పీహెచ్‌డీ గైడుగారి గదిలో కూర్చుని చంటి ముప్ఫై ఒక ఖాతాల సంగతి చెప్పింది. ఉత్తరం కూడా చూపించింది. పక్కన తను రాసుకున్న ఆ రెండు మాటల సంగతి మాత్రం చెప్పలేదు.

గైడు చెడ్డవాడు కాదు. నాలుగేళ్ళలో ఆమె మీద ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు; జ్వరం వస్తే ఇంటికి పొమ్మని, పేపరు తనే సరిదిద్ది పంపిన మనిషి. ఉత్తరం చదివి నిట్టూర్చాడు. ప్రపంచంలో ఏ పద్ధతికైనా పరిమితులుంటాయని, అందుకే థీసిస్‌లో పరిమితులనే భాగం ఉంటుందని అన్నాడు. ఒక రిమోటుని ఇద్దరు పంచుకునే అరుదైన సందర్భాల్లో ఫలితాలు మారవచ్చు అని ఒక వాక్యం రాయమన్నాడు. లెక్కలన్నీ మళ్ళీ చేస్తే ఆరు నెలలు పడుతుంది, కంపెనీతో ఒప్పందం రెండు నెలల్లో ముగుస్తుంది, బహుమతి వచ్చిన పేపరు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఇవన్నీ ఆయన నెమ్మదిగా, వేళ్ళు మడుస్తూ చెప్పాడు.

“ముందు గట్టెక్కు తల్లీ. గట్టెక్కినాక ఎంతమందినైనా చెయ్యి పట్టి లాగొచ్చు.”

మధ్యాహ్నం కంపెనీలో మేనేజరుని కలిసింది. ఆయన ఉత్తరం చివరిదాకా చదవలేదు, పక్షవాతం అన్న మాట దగ్గరే ఆపేసి వెంటనే మెత్తబడ్డాడు. ఈ ఒక్క ఖాతా తెరిపించేస్తాను, పాపం అన్నాడు. మరి జాబితాలో పేరో అని అడిగింది చంటి. అది తీసేస్తే కారణం రాయాలి, కారణం రాస్తే ప్రతివాడూ వచ్చి మా ఇంట్లోనూ ఇద్దరం ఆడామంటాడు, అది మాత్రం కుదరదన్నాడు. చప్పుడు కాకుండా తెరిచేద్దాం, వాళ్ళకీ మంచిది మనకీ మంచిది.

చంటికి ఆ మాట ఎండలో గొడుగు దొరికినట్టు అనిపించింది. ఆట తెరుచుకుంటే వాళ్ళు ఆడుకుంటారు. తన థీసిస్ తను ఇచ్చుకుంటుంది. ఈ మంచి కబురు ఫోన్లో కాకుండా స్వయంగా వెళ్ళి చెబితే తన గుండె కూడా కాస్త తేలికపడుతుంది. ఆ లోపలి లెక్క ఆమెకి తెలియకపోలేదు.

*

బుధవారం పదకొండింటికి బస్సు దిగి, అచ్చాఫీసు వెనక సందులో నాలుగో తలుపు తట్టింది. కంపెనీ నుంచి వచ్చానని చెప్పగానే తలుపు తీసినావిడ పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. జాకెట్ భుజానికి సూది గుచ్చి ఉంది, దారంతో సహా.

“మనిషి వచ్చారండీ,” అంది లోపలికి తిరిగి. “ఉత్తరం చదివి మనిషే వచ్చారు.”

ముందు గదిలో కిటికీ కింద కుట్టు మిషను, దాని మీద దుప్పటి కప్పి ఉంది. ఎదురుగా టీవీ. చేతులు లేని కుర్చీలో టైలరు గారు కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, కాలరు గంజి పెట్టినట్టు నిలబడి ఉంది. కుడి చెయ్యి ఒళ్ళో ఒక వస్తువులా పడి ఉంది. ఆయన చంటిని తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. కుర్తా చంక దగ్గర విడిపోయిన కుట్టు మీద ఆయన చూపు ఒక క్షణం ఆగడం చంటి గమనించి మోచేయి దగ్గరికి లాక్కుంది.

ఆవిడ చంటికి టీ ఇచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఆయన కుడితే తను కాజాలు తీసి గుండీలు వేసేదాన్నని, ఒక చొక్కా అంటే ఇద్దరి చేతులూ పడాల్సిందేనని చెప్పింది. జబ్బు చేశాక ఆయన ఆరు నెలలు గోడ వైపే తిరిగి పడుకున్నాడట. ఎడమ చేతికి పని చెప్పమని ఆసుపత్రిలో అన్నారు. చెల్లెలి కూతురు ఈ ఆట తెచ్చి పెట్టింది. పడవ ఒడ్డుకి తగలకుండా తిప్పిన రోజు ఆయన మొదటిసారి నవ్వాడట.

“మీరు ఎలా ఆడతారో ఒకసారి చూడొచ్చా అమ్మా?” అని చంటి అడిగింది. అడగవలసిన అవసరం లేదు. అయినా నోరు అడిగింది.

ఖాతా మూసేసినా ఒంటరిగా సాధన చేసే నది మిగిలి ఉంది. ఆవిడ ఒక దిండు తెచ్చింది. రిమోటు జారిపోకుండా దాని మధ్యలో గుంట కుట్టారు. దిండు సగం ఆయన ఒళ్ళో, సగం తన ఒళ్ళో పెట్టుకుని, ఆయన కుడి పక్కన స్టూలు మీద కూర్చుంది. పడవ కదిలింది. ఆయన చూపు నీళ్ళ మీద ఉంది, ఆవిడ చూపు ఆయన గడ్డం మీద. గడ్డం కాస్త లేచి, గొంతులో ‘ఊ’ అని చిన్న చప్పుడు. ఆవిడ వేలు పడింది, తెరచాప విప్పుకుంది. మళ్ళీ ‘ఊ’. లంగరు.

పావు సెకను. చంటి లోపలే లెక్క పెట్టుకుంది. తన కంప్యూటర్లో రెండేళ్ళ కిందట ఒకదాని వెనక ఒకటి నడిచిన రెండు గీతలు, ఇప్పుడు ఈ దిండు మీద ఉన్నాయి. నది ఇరుకైన మలుపు దగ్గర ఆయన ముందుకి వాలాడు, ఆవిడా వాలింది. ఆయన ఊపిరి బిగబట్టాడు, ఆవిడా బిగబట్టింది. కంగారు ఇద్దరి భుజాల్లోనూ ఒకేసారి పుట్టి, ఒకేసారి దిగింది. భుజాలు చూడడం జల్లెడకి తను నేర్పలేదు.

పడవ రేవు చేరాక చంటి మేనేజరు మాట చెప్పింది. ఖాతా తెరుస్తారని, రేపో ఎల్లుండో మామూలుగా ఆడుకోవచ్చని. ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన ఎడమ చేత్తో తన ఫోన్ తీసి, బొటనవేలితో ఓపికగా వెతికి, మోసగాళ్ళ జాబితా తెరిచి చంటి ముందు పట్టాడు. సూదీదారం. పేరు పక్కన ఎర్రటి గుర్తు.

“ఇది?” అన్నాడు. మాట వంకరగా, తడిగా వచ్చింది.

“అది... అది ఇప్పుడే తీయలేమన్నారండీ.”

“మేం... దొంగలమా?”

“కాదండీ. కానే కాదు.”

“రాసి... ఉందిగా.” ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఆయన టీవీ వైపు తిరిగిపోయాడు.

కుట్టగా మిగిలిన గుడ్డ జానెడైనా సరే మడిచి చొక్కా జేబులో పెట్టి ఇచ్చేవారమ్మా ఈయన, అంది ఆవిడ, ఆయన తరఫున క్షమాపణ చెప్తున్నట్టు. టైలర్లంటే గుడ్డ కొట్టేస్తారని లోకంలో పేరు కదా, ఆ మాట పడకూడదని. ఇప్పుడు ఆటలో జట్టువాళ్ళు పన్నెండు మంది, ముఖాలు కూడా తెలియనివాళ్ళు, పోయిన నెల నుంచి ఒక్కరూ పలకరించలేదు.

టీ గ్లాసు తనే కడుగుతానని చంటి లేచి వంటగదిలోకి వెళ్ళింది. ఆ గదిలో ఉండలేకపోయింది, అంతే. ఆవిడ వెనకే వచ్చి, కుళాయి పెద్దగా తిప్పి, నీళ్ళ చప్పుడులో మాట్లాడింది.

“ఒకటి చెప్తాను, మనసులో పెట్టుకో. ఆట తెరిపించకపోయినా ఫరవాలేదమ్మా.”

చంటి గ్లాసుతోనే ఆవిడ వైపు తిరిగింది.

“పొద్దున రెండు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు. లేవడానికి లేదు. వంట మీద ధ్యాస ఉండకూడదు. ఆయన గడ్డం కేసి చూస్తూ కూర్చోవాలి. గంట ఆడితే సరదాయే. ఆరు గంటలంటే... నా మెడ చూడు, ఇటు తిరగదు. మూసేశారని తెలిసిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. నేను మాత్రం పక్క మీద వాలగానే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. హాయిగా. లేచాక నా మీద నాకే అసహ్యం వేసింది. అందుకే అన్నిసార్లు అర్జీ పెట్టాను, ఉత్తరం రాశాను. ఆయన కోసమని అనుకుంటారు అందరూ. నా పాపం కడుక్కోవడానికి రాశాను.” ఆవిడ కుళాయి కట్టేసింది. “ఈ మాట మా చెల్లెలికి కూడా చెప్పలేదు. నువ్వు ఇంత దూరం వచ్చావు కాబట్టి చెప్తున్నా. ఆట సంగతి మేం చూసుకుంటాం. ఆ దొంగ అన్న మాట ఒక్కటీ తీయించు తల్లీ.”

చెప్పవలసిన సమయం అదే. నేనే అమ్మా, ఆ జల్లెడ నాది, మీ పేరు నాకు రెండేళ్ళ కిందటే కనపడింది. వాక్యం మొత్తం నాలుక మీద తయారుగా ఉంది. చంటి గ్లాసు బోర్లించి, చేతులు తుడుచుకుని, ప్రయత్నిస్తానమ్మా అంది.

గుమ్మం దాటుతుండగా టైలరు గారు ఆమెని ఆగమన్నాడు. భార్యకి ఏదో సైగ చేశాడు. ఆవిడ భుజం మీద సూది తీసి, చంటిని వెలుతురు వైపు తిప్పి నిలబెట్టి, చంక దగ్గర విడిపోయిన కుట్టు నాలుగు పోట్లలో వేసి, దారం పళ్ళతో తెంపింది. ఆయన దూరం నుంచి చూసి, బాగుందన్నట్టు తల ఊపాడు. బస్సులో అంత దూరం చంటి ఆ చెయ్యి ఎత్తి పైకమ్మీ పట్టుకోలేకపోయింది.

*

మేనేజరు ఒప్పుకున్న మేలు వాళ్ళకి అక్కర్లేనిది. వాళ్ళకి కావలసినది చేయాలంటే కారణం రాయాలి. కారణం తనే. ఎటు తిప్పి చూసినా లెక్క అక్కడికే వచ్చి ఆగింది.

గురువారం యూనివర్సిటీకి వెళ్ళి, ‘తీసేసినవి’లోంచి ముప్ఫై ఒక ఖాతాలనీ తెచ్చి జల్లెడ ముందు పోసింది. ముప్ఫై ఒకటికి ముప్ఫై ఒకటీ మోసమనే చెప్పింది జల్లెడ. ఒక్కటి కూడా తప్పించుకోలేదు. వాటిలో ఇరవై రెండు ఇప్పటికే మూతపడి జాబితాలో ఉన్నాయి. మిగతా తొమ్మిది అంతకుముందే ఆట మానేశాయి. వాళ్ళందరూ ఎవరో, ఎవరి పక్కన ఎవరు కూర్చుని ఆడారో ఆమెకి తెలియదు. ఒక ఇంటికి వెళ్ళింది, అంతే.

సాయంత్రం ఇంటికి వస్తే అక్క మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అక్క రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. చంటి ఒక తువ్వాలు అందుకుని మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. తప్పు చేసిన సంగతి ఎవరికీ తెలియనప్పుడు ఏం చేస్తావక్కా అని అడిగింది.

“ఎవరికీ తెలియదంటే నీకు తెలుసన్నమాట,” అంది అక్క, దిండు గలీబు దులుపుతూ. తర్వాత ఆమె ముఖం చూసి చేతులు ఆపింది. ఏమైందని అడగలేదు. ల్యాబ్‌లో చేరిన కొత్తలో రెండు సీసాల మీద చీటీలు తారుమారు చేశానని, గంట తర్వాత అనుమానం వచ్చిందని, వెళ్ళి చెప్పడానికి ఇంకో గంట పట్టిందని చెప్పింది. అప్పుడు ఏం చేశారని చంటి అడిగింది.

“తిట్టారు. రెండు నెలలు సీసాలు కడిగించారు. ఆ తిట్లు ఒక్కటీ గుర్తు లేవే. చెప్పకుండా తిరిగిన ఆ గంట మాత్రం ఇప్పటికీ గుర్తుంది.”

చంటికి ఆ గంట రెండేళ్ళు.

*

శుక్రవారం సెమినార్ హాల్లో ముప్ఫై మంది దాకా ఉన్నారు. ముందు వరసలో గైడు, బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు. వెనక వరసలో కంపెనీ మేనేజరు, ఇంకో ఇద్దరు. మొదటి ఇరవై నిమిషాలు అంతా ముందు అనుకున్నట్టే నడిచింది. తర్వాత చంటి, గైడుకి చూపించని పేజీ ఒకటి తెర మీద వేసింది. తొంభై తొమ్మిది పాయింట్ రెండు అన్న అంకె మీద కొట్టివేత. దాని పక్కన తొంభై ఆరు. కింద ముప్ఫై ఒక ఖాతాలు.

ఇవి నేను తీసేశాను, అంది. ఒకే రిమోటు ఇద్దరు ఆడితే జల్లెడకి యంత్రంలా కనిపిస్తుందని, ఆ ఇద్దరిలో ఒకరికి చెయ్యి పనిచేయకపోవడం కారణం కావచ్చని, ఇరవై రెండు ఖాతాలని దొంగలుగా రాశారని వరసగా చెప్పింది. గొంతు తను అనుకున్నదానికంటే చిన్నగా వచ్చింది.

పరీక్షకురాలు పెద్దావిడ. నోట్సు రాసుకుంటున్నదల్లా కలం ఆపి తలెత్తింది.

“ఇది మీ దృష్టికి ఎప్పుడు వచ్చింది?”

సోమవారం అనవచ్చు. సోమవారం ఉత్తరం వచ్చిన మాట నిజమే, పెద్దాయన సాక్ష్యం. ఆలస్యంగా అయినా తెలిసిన వెంటనే బయటపెట్టిన నిజాయితీ గల విద్యార్థి అవుతుంది. గైడు ఆమె వైపే చూస్తున్నాడు, ఆ మాటే అనమన్నట్టు. చంటి తర్వాతి పేజీ నొక్కింది. పందొమ్మిదో వరుస, పక్కన రెండు మాటలు, కింద తేదీ.

“రెండేళ్ళ కిందట,” అంది. “చూశాను. తర్వాత చూద్దామనుకున్నాను. చూడలేదు.”

గైడు కలానికి మూత పెట్టి జేబులో గుచ్చుకున్నాడు.

ఆ తర్వాత జరిగినవన్నీ కాగితాల మీద జరిగేవే. థీసిస్ ఇప్పుడు తీసుకోరు. లెక్కలు మొదటి నుంచి చేయాలి. బహుమతి పేపరు తప్పని పత్రికకి రాయాలి. ఆ ఉత్తరం మీద గైడు కూడా సంతకం చేయాలి. బయట వరండాలో ఆయన ఆమె పక్కనుంచి వెళ్తూ ఆగాడు. నన్నొక్క మాట అడిగి ఉండాల్సింది అన్నాడు. మంగళవారం అడిగాను సర్ అంది. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళలో ఆయన వీపు అంత వంగి కనిపించడం అదే మొదలు. ఆ వంపు కూడా తన ఖాతాలోనే పడిందని చంటి అనుకుంది.

మేనేజరు ఆమెతో మాట్లాడలేదు. కానీ ఇంతమంది ముందు బయటపడ్డాక, రేపు అచ్చులో కూడా వస్తుందని తెలిశాక, ఆయన ఆలస్యం చేయలేదు. సాయంత్రం నాలుగింటికి తన పుస్తకాలు తెచ్చుకుందామని కంపెనీకి వెళ్తే గేటు దగ్గర ఆమె కార్డు పనిచేయలేదు. పుస్తకాలు పెద్దాయనే సంచిలో వేసి తెచ్చి ఇచ్చాడు. జాబితాలోంచి ఇరవై రెండు పేర్లూ తీసేశారని, ఒక్కొక్కటి తన చేత్తోనే తీశానని చెప్పాడు. ఆట మళ్ళీ కావాలనుకున్నవాళ్ళు ఒక అర్జీ పంపితే తెరుస్తారట. ఆ అర్జీలు ఇకనుంచి తన బల్లకే వస్తాయట.

“పని పెరిగింది నీ వల్ల,” అన్నాడు. సంచి ఆమె చేతికిచ్చి, అందులో ఇంకోటి కూడా ఉందన్నాడు. ఇరవై రెండు మంది చిరునామాలు. “వీళ్ళకి కంపెనీ ఏమీ రాయదు. రాస్తే నువ్వే రాయాలి.”

*

శనివారం మధ్యాహ్నం దాకా చంటి ఫోన్ చేయలేదు. అన్నం తిన్నాక చేద్దామనుకుంది, తిన్నాక గిన్నెలు కడిగింది. గిన్నెలయ్యాక మేడ మీదకి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని, ఉత్తరంలో ఉన్న నంబరు నొక్కింది.

ఆవిడ చంటి గొంతుని వెంటనే గుర్తుపట్టింది. జాబితాలోంచి పేరు తీసేశారని చంటి చెప్పింది. ఆయన పడుకున్నారని, లేవగానే చూపిస్తానని, తన ఫోన్లో కాదు ఆయన ఫోన్లోనే చూపిస్తానని ఆవిడ అంది. ఆట సంగతి కూడా చెప్పింది చంటి. కావాలంటే అర్జీ పెట్టుకోవచ్చని, పెట్టడం పెట్టకపోవడం వాళ్ళ ఇష్టమని. రోజుకి గంటే అని ముందే మాట తీసుకుని పెడతానేమో అంది ఆవిడ. ఆ గొంతులో చిన్న నవ్వు.

“నీ మేలు మర్చిపోనమ్మా. ఇంతకీ ఎలా జరిగింది ఇది? ఆ మిషను పొరపాటేనా?”

“మిషను కాదమ్మా. మనిషి పొరపాటు.” చంటి గచ్చు మీద చెయ్యి ఆనించుకుంది. ఎండకి గచ్చు కాలుతోంది. “ఆ మిషన్ని తయారు చేసింది నేను. రెండేళ్ళ కిందటే మీ ఖాతా నా కంట పడింది. ఏదో తేడాగా ఉందని తెలిసి కూడా, నా పని ఆగిపోతుందని పక్కన పడేశాను. అప్పుడు ఆగి చూసి ఉంటే మీ పేరు ఆ జాబితాలోకి ఎక్కేది కాదు. మీదొక్కటే కాదు, ఇరవై రెండు పేర్లు.”

వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి నాలుగైదుసార్లు తన్ని, ఆపేశారు.

“అయితే మొన్న మా ఇంట్లో కూర్చున్నప్పుడు నీకు తెలుసన్నమాట.”

“తెలుసు.”

“ఆయన నిన్ను అడిగారు. దొంగలమా అని.”

“అడిగారు.”

“వంటగదిలో కూడా చెప్పలేదు నువ్వు.”

“చెప్పలేదమ్మా.”

ఆవిడ గొంతులో కోపం లేదు. అదే చంటికి తట్టుకోరానిది అయింది.

“నేను మాత్రం నా కడుపులోది అంతా నీ ముందు పోసుకున్నాను.”

చంటి క్షమించమని అడగబోయింది. ఆ మాట నోట్లోకి వచ్చాక చాలా చిన్నదిగా, ఎవరి చేతుల్లోనో పెట్టి తప్పుకోవడానికి పనికొచ్చేదిగా తోచింది. మింగేసింది. లైను తెగిపోయిందేమోనని ఫోన్ చెవి నుంచి తీసి చూసుకుంది. తెగలేదు. అటు నుంచి గిన్నె ఏదో జరిపిన చప్పుడు, తర్వాత కుర్చీ లాక్కున్న చప్పుడు.

“పేరు తీసేశారని నేను చెప్తాను ఆయనకి,” అంది ఆవిడ చివరికి. “నీ సంగతి నేను చెప్పను. అది నువ్వే వచ్చి చెప్పు.”

“వస్తానమ్మా. ఎప్పుడు రమ్మంటారు?”

“రేపు పొద్దున్నే రా. మధ్యాహ్నానికి ఆయనకి నాలుక మొద్దుబారుతుంది, సగం మాటలు నాకే అర్థం కావు. పొద్దున పూట కాస్త తేటగా వస్తాయి. నిన్ను ఏమనాలనుకుంటే అది అనగలుగుతారు.”